ఎవరి ఇల్లూ కాని చోటు

ఖరగ్‌పూర్,
12 ఆగస్టు 2024

అన్నకు,

నేను బాగున్నాను. నువ్వు బాగున్నావో లేదో మాత్రం నీ ఉత్తరం చదివితే తెలియలేదు. రెండు పేజీల నిండా పాలెంలో ఎవరి పడవకు ఏ ఇంజను వేశారో, కానాగంత చేపలు ఎందుకు పడడం లేదో రాశావు. నీ గురించి చివర్న ఒక్క ముక్క, "నేను ఉండాను" అని. ఉండావని నాకూ తెలుసు. ఎట్లా ఉండావని కదా అడిగాను!

ఫోను చేద్దామంటే నీ చెవులతో పెద్ద తంటా. గొంతు చించుకుని వాన పడిందా అని అడిగితే "ఆఁ, తిన్నాను, తిన్నాను" అంటావు. ఈ కాగితాలే మేలు. చేత్తో రాసిన ఉత్తరాలు ఈ కాలనీ మొత్తంలో నాకొక్కదానికే వస్తాయని పోస్టుమ్యాన్ నవ్వుతుంటాడు.

అసలు సంగతికి వస్తాను. మా పైఇంటి మిత్రా దీదీ గురించి రాశాను కదా, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పోయిన ఏడు ఆమె తన చెల్లెలితో కలిసి నేపాల్ వెళ్ళి కొండల్లో నడిచి వచ్చింది. గుడి కోసం కాదు, మొక్కు కోసం కాదు, ఊరికే నడవడానికి. ఈ బెంగాలీలకు అదొక పిచ్చి. పొద్దున్నే లేచి ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు నడుస్తారట. సాయంత్రానికి ఒక బస చేరి, వేడివేడి పప్పూ అన్నమూ తిని పడుకుంటారు. ఎదురుగా మంచుకొండలు. ఆమె కిందికి దిగి వచ్చి ఫోటోలన్నీ చూపించింది. నాకంటే పెద్దది, పైగా మోకాళ్ళ నొప్పులు.

మనం కూడా వెళ్దాం అన్నా, నువ్వూ నేనూ. దీపావళి దాటాక. హౌరా నుంచి రక్సౌల్ దాకా రైలు, సరిహద్దు దాటాక బస్సు, పోఖరా అనే ఊరి దగ్గర నుంచి నడక. పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు.

వదినా, మా ఆయనా ఒకే నెలలో పోయి మూడేళ్ళు దాటింది. నువ్వు ఇక్కడికి రాలేకపోయావు, నేనక్కడికి రాలేకపోయాను. రైళ్ళు లేవు, మనిషి దగ్గరికి మనిషి పోయే రోజులు కావు. కరోనా పోయింది, రైళ్ళు తిరుగుతున్నాయి, మనం మాత్రం ఇంకా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నువ్వు ఆ ఇంట్లో ఒక్కడివే దిగులుపడి కూర్చుంటావని నాకు తెలుసు. నీకు కాస్త గాలి మార్పు కావాలి. నీ కోసమే అంటున్నాను.

ఊఁ అంటే టికెట్లు తీస్తాను. ఊహూఁ అనడానికి వీల్లేదు.

నీ జవాబుకు గేటు దగ్గర కాచుకుని ఉండే
రోజారమణి


పాలెం, బోగోలు మండలం,
24 ఆగస్టు 2024

చి. రోజారమణికి అన్న హజరత్తయ్య దీవించి రాసేది.

పైన ఒక ముక్క కొట్టేసినట్టు కనిపిస్తుంది, ఏమనుకోవద్దు. నీ పెళ్ళైనప్పటి నుంచి చి.ల.సౌ. అని రాసిన చెయ్యి, నేను చెప్పినా వినదు.

కొండలా? నీకేమన్నా మతి పోయిందా అమ్మీ? సముద్రం ఒడ్డున పుట్టినోడికి ఎత్తు అంటే పడవ అంచే. నేనెక్కిన పెద్ద కొండ ఏదంటే, పెళ్ళైన కొత్తలో మీ వదిన మాలకొండమ్మతో పెంచలకోన పోవడం. అదీ బస్సు దిగి గుడి దాకా. మత్స్యశాఖలో ఫీల్డ్‌మన్‌గా ముప్పై ఏళ్ళు ఇసకలో నడిచాను గానీ, ఈ పక్క ఇసక అంతా చాప పరిచినట్టు ఉంటుంది, ఎక్కేది లేదు, దిగేది లేదు.

అయినా ఒప్పుకుంటున్నాను. ఎందుకంటే నా దిగులు పేరు చెప్పి నువ్వు పోవాలనుకుంటున్నావు, అది నాకు తెలియదా? చిన్నప్పుడు తిరునాళ్ళకు పోవాలని నీకు ఉంటే, అమ్మ దగ్గరికి పోయి "అన్న పోవాలంట" అని చెప్పేదానివి. తన్నులు నాకు, బొరుగులు నీకు. సరే, తోడు కావాలి నీకు. వస్తాను.

టీ బంకు కామాక్షయ్యకు చెప్పాను. "ముక్తినాథమా, పశుపతినాథమా?" అన్నాడు. రెండూ కాదు, నడవడానికి అన్నాను. "నడవాలంటే నేపాల్ దాకా ఎందుకన్నా, కావలి దాకా నడువు, బస్సు చార్జీ మిగులతాది" అన్నాడు. బంకులో ఉన్నోళ్ళందరూ నవ్వారు. నాకు వినపడలేదు గానీ పళ్ళు కనపడ్డాయి.

ఒక మాట. నువ్వే ముందు ఇట్లా వచ్చెయ్యకూడదా? నాలుగు రోజులు ఉండి, ఇద్దరం కలిసే బిట్రగుంటలో రైలెక్కుదాం. ఎట్లాగూ ప్రయాణమే కదా, దారిలో దిగి పోయినట్టు ఉంటుంది. ఆలోచించు.

ఒళ్ళు జాగ్రత్త, షుగరు మాత్రలు మానొద్దు.

అన్న


ఖరగ్‌పూర్,
4 సెప్టెంబరు 2024

అన్నకు,

ఒప్పుకున్నందుకు సంతోషం. తన్నులు నీకు, బొరుగులు నాకు అన్నావే, ఆ బొరుగుల్లో సగం నువ్వే లాక్కునేవాడివి, అది రాయలేదేం?

పాలెం రావడం కుదరదు. మ్యాపు తీసి చూసుకో, నేపాల్ ఎటుంది, నువ్వెటున్నావు, నేనెటున్నాను. అంత దూరం వెనక్కి వచ్చి మళ్ళీ అంత దూరం ఎదురు రావడం ఏం లెక్క? అయినా పుట్టింటికి దారిలో దిగి పోతారా ఎవరైనా? అది బస్టాండా?

ఇంకో సంగతి. నువ్వు కూడా ఖరగ్‌పూర్‌లో దిగొద్దు. నీ రైలు వచ్చే వేళకు నేనే సామానుతో ప్లాట్‌ఫారం మీద ఉంటాను. నీ పెట్టెలోనే ఎక్కుతాను. ఇద్దరం హౌరాకు పోదాం. నువ్వు ఇంటి దాకా రావాల్సిన పని లేదు. గుర్తు పెట్టుకో.

ఇక నడక సంగతి. ఒక పల్లెకు చేరాలంటే పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రాతిమెట్లు ఎక్కుతూనే ఉండాలని దీదీ చెప్పింది. కాబట్టి ఇప్పటి నుంచే మెట్లు ఎక్కడం మొదలుపెట్టు. సంచిలో బరువు పెట్టుకుని ఎక్కితే మంచిదట. కావలి వెళ్ళి కేన్వాస్ బూట్లు కొనుక్కో. ఆ తెగిన చెప్పులతో వస్తే నేను నీతో నడవను, నాలుగడుగులు ముందే పోతాను. నేను రోజూ రైల్వే గ్రౌండు చుట్టూ తిరుగుతున్నాను.

ఆ బసల గురించి దీదీ చెబుతుంటే నాకు ఎంత నచ్చిందో! నువ్వెవరు, ఎవరి తాలూకు, ఎందుకొచ్చావని అక్కడ ఎవరూ అడగరట. పోతాం, డబ్బు కడతాం, పడుకుంటాం, పొద్దున లేచి పోతాం. అవి ఎవరి ఇళ్ళూ కావు. మిగతావాళ్ళు కొండలు చూడడానికి పోతారేమో గానీ, నేను ఆ బసల కోసమే పోవాలనుకుంటున్నాను.

ఉంటాను,
రోజారమణి


పాలెం,
16 సెప్టెంబరు 2024

రోజారమణికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మాట్లాడకుండా కూర్చున్నాను. మాట్లాడడానికి ఎవరూ లేరు, అది వేరే సంగతి.

నా ఇంటికి రానన్నావు. నీ ఇంటికి రావొద్దన్నావు. ప్లాట్‌ఫారం మీద కలుస్తానన్నావు. నేనేమన్నా సామాన్లు మోసేవాడినా? తోడబుట్టినవాడు ఐదారేళ్ళకు కనపడుతుంటే ఇంట్లో కూర్చోబెట్టి ఒక ముద్ద పెట్టాలని అనిపించలేదా నీకు?

నాకు తెలుసులే. మా పాలెం నీకు పడదు. బిట్రగుంట రైల్వే అబ్బాయి సంబంధం వచ్చిన నాడే నువ్వు ఈ చేపల వాసన కడుక్కున్నావు. బావను ఖరగ్‌పూర్ మార్చాక ఇంక చెప్పేదేముంది. నీ కాలనీలో గళ్ళ లుంగీ కట్టుకొని, బీడీ వాసనతో, చెవుడు మొహంతో నేనొచ్చి నిలబడితే మిత్రా దీదీ ఏమనుకుంటుందోనని నీ బాధ. చెప్పేస్తే పోయేది కదా?

ఇక్కడ మాత్రం ఏముంది! ఆడదిక్కు లేని కొంప. నువ్వు వచ్చినా గడపలోకి ఎదురొచ్చి చెంబుడు నీళ్ళిచ్చే మనిషి లేదు. మీ వదినే ఉంటే నువ్వు ఇట్లా రాసేదానివా? ఆమే ఉంటే నేనూ ఇట్లా అడుక్కునేవాడిని కాను.

కోపం కోపమే, నడక నడకే. మెట్లు ఎక్కమన్నావు కదా. ఈ చుట్టుపక్కల మెట్లున్న ఎత్తైన కట్టడం ఏముందని? ఒక్క తుపాను షెల్టరే. దాని తాళం ఇంకా నా దగ్గరే ఉంది. రోజూ పొద్దున పైకప్పు దాకా ఎక్కి దిగుతున్నాను. మొదటి రోజు సగంలో కూర్చుండిపోయాను. ఇప్పుడు కూర్చోకుండా ఎక్కుతున్నాను. పైనుంచి చూస్తే సరుగుడు తోటలు, వాటి అవతల నీళ్ళు. కొండ కనపడదు.

బూట్లు కొన్నాను. కాలు కొరుకుతున్నాయి.

హజరత్తయ్య


ఖరగ్‌పూర్,
27 సెప్టెంబరు 2024

అన్నకు,

చేపల వాసన పడదా నాకు? గోల్‌బజార్లో ఎండు నెత్తళ్ళు కొని, మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెడితే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. ఆ కిటికీల చప్పుడు వింటూ నేను ఒక్కదాన్నే కూర్చుని తింటాను. ఇంకోసారి ఆ మాట రాస్తే ఉత్తరం చింపేస్తాను.

నీకు తెలియకపోతే నేను చెప్పను. తెలిసి కూడా నన్ను అడగనివాడివైతే అసలే చెప్పను.

నేపాల్‌లో వానలు ఎక్కువగా ఉన్నాయని, నవంబరుకు సర్దుకుంటుందని దీదీ అంటోంది. టికెట్లు తీశాను. నీది బిట్రగుంట నుంచి హౌరాకు, మనిద్దరివీ హౌరా నుంచి రక్సౌల్‌కు. నవంబరు మొదటి వారం దాటాక. రావాలనుంటే రా. లేకుంటే నేను ఒక్కదాన్నే వెళ్తాను. ఒక్కదాన్ని ఉండడం నాకు బాగా అలవాటైంది.

రోజారమణి


పాలెం,
10 అక్టోబరు 2024

చి. రోజారమణికి అన్న రాసేది.

నిదానంగా కూర్చుని చదువు. ఇది పొడుగు ఉత్తరం. మొదట నవ్వుతావు, తర్వాత సంగతి నాకు తెలియదు.

సంచిలో బరువు పెట్టుకోమన్నావు కదా, మొన్న సోమవారం ఆ పని చేశాను. బియ్యం, రెండు జతల బట్టలు, దుప్పటి, టార్చిలైటు, నీళ్ళ సీసా, అన్నీ సర్దుకుని వీపున వేసుకుని, బూట్లు బిగించి షెల్టర్‌కు పోయాను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నా పాటికి నేను పైకెక్కుతున్నాను, దిగుతున్నాను, మళ్ళీ ఎక్కుతున్నాను.

నువ్వే ఆలోచించు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తుపాను వస్తుందంటే మైకు పట్టుకుని ఈ పాలెంలో ముందు అరిచింది నేనే. అట్లాంటి ఫీల్డ్‌మన్ హజరత్తయ్య మూటాముల్లె సర్దుకుని షెల్టర్ ఎక్కుతుంటే ఈ జనం ఏమనుకుంటారు? ఎవరో ఒక ఆడమనిషి చూసింది. ఇంకేముంది! వేటకు బయల్దేరిన పడవలు ఒడ్డు దాటకుండానే వెనక్కి తిరిగాయి. వలలు లాగేశారు. ట్రాక్టరు తెచ్చి పడవల్ని సరుగుడు తోపు దాకా ఈడ్చేశారు. బియ్యం డబ్బాలు, కోళ్ళు, టీవీలు, మంచాన పడ్డ ముసలోళ్ళు, అంతా నా వెనకే. నాకేమో ఒక్క చప్పుడూ వినపడలేదు. పైకప్పు మీద ఆయాసం తీర్చుకుని వెనక్కి తిరిగి చూద్దును కదా, పాలెం పాలెమంతా మెట్ల మీద ఉంది.

"ఏందిరా, యాడికి మీరంతా?" అన్నాను.

"నువ్వు యాడికైతే మేమూ ఆడికే" అన్నాడు వినోద్. అదే, మన చెంచయ్య మనవడు, ఇప్పుడు రెండు పడవలున్నాయి వాడికి.

నేను నేపాల్ కొండలకు అన్నాను.

వాడు నన్ను మెట్ల మీద నుంచి తోసేస్తాడేమో అనుకున్నాను. "మంచి వేట పొద్దు, అన్నీ ఎనక్కి లాగించినావు గదన్నా! నీ కొండలు కూలిపోను!" అని మొత్తుకున్నాడు. తర్వాత ఎవరో నవ్వారు, దాంతో అందరూ నవ్వారు. పిల్లోళ్ళకు బడి ఎగ్గొట్టినట్టయింది. అక్కడే పొయ్యి పెట్టి టీ కాచుకున్నారు.

మన వీధి చివరింటి పేరమ్మత్త మాత్రం నవ్వలేదు. నా పక్కనే కూర్చుంది. ఆమె పెదాలు నిదానంగా కదిలిస్తుంది, నాకు అర్థమవుతుంది.

"కొండలెందుకురా అబ్బయ్యా? చెల్లెల్ని ఇంటికి తెచ్చుకోకుండా కొండలకు తీసకపోతావా? దానికి నిద్రలు చేయించినావా?" అని అడిగింది.

"యాడ చేయిస్తా అత్తా? రైళ్ళు లేవు గదా అప్పుడు. చీర పంపినా" అన్నాను.

"ఎవురి చేత పంపినావు?"

"పోస్టులో."

ఆమె రెండు చేతులతో తల బాదుకుంది. "పోస్టులోనా? పుట్టింటోళ్ళు పోయి చీర కట్టబెట్టి, చెయ్యి పట్టుకొని తోడుకొని రావాల్రా. తోడుకొని రాకుండా వట్టి చీర పంపితే, ఇదిగో నీ చీర, ఇంక మా గడపకు రావద్దని గదరా అర్థం! మొగుడు పోయిన ఆడది పుట్టింట మూడు నిద్రలు చేసిందాకా ఇంకో గడప తొక్కకూడదు. మూడేండ్లుగా అది యాడికీ పోకుండా కూర్చోనుందేమోరా!" అనింది.

రోజా, నేనట్లా అనుకుని పంపలేదు. రైళ్ళు నడవవు, కనీసం చీరన్నా చేరనీ అని పంపాను. అంతకు మించి నా బుర్రకు తట్టలేదు. ఆ తర్వాత ఏడాది నా ఇంట్లో మీ వదిన సూతకం. అదయ్యాక పిలుద్దామంటే, నిద్రలకు వచ్చిన ఆడబిడ్డకు కాళ్ళకు నీళ్ళిచ్చి లోపలికి తీసుకోవాల్సింది ఇంటి ఆడమనిషి. ఆ మనిషే లేనప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలవాలి అనుకున్నాను. నువ్వే ఏదో ఒక రోజు వస్తావని చూస్తూ కూర్చున్నాను. నువ్వు రానంటుంటే, పాలెం అంటే నీకు చిన్నచూపు అనుకున్నాను.

ఒక్కటే అడుగుతున్నాను. నిజం రాయి. పేరమ్మత్త అన్నది నిజమేనా? నువ్వు ఈ మూడేళ్ళలో ఎవరింటికీ పోలేదా?

అన్న


ఖరగ్‌పూర్,
19 అక్టోబరు 2024

అన్నా,

పోలేదు.

మిత్రా దీదీ వారానికి నాలుగుసార్లు నా దగ్గరికి దిగి వస్తుంది. నేను ఒక్కసారి కూడా ఆమె ఇంటికి మెట్లెక్కలేదు. నాకు గర్వమనుకుంటుంది పాపం. కాలనీలో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు ఎవరి చేతనో చదివింపులు పంపిస్తాను. ఎదురింట్లో పసిబిడ్డ పుడితే గుమ్మం బయట నిలబడి చూసి వచ్చాను. లోపలికి రా ఆంటీ అని ఆ బిడ్డ తల్లి ఎంత బతిమాలిందో. కాలు నొప్పి అని చెప్పాను. రోజూ గ్రౌండు చుట్టూ నడిచే నన్ను చూసి, కాలు నొప్పి అంటే ఎవరు నమ్ముతారు?

నన్ను ఎవరూ వద్దనలేదు. ఈ కాలంలో, ఈ రైల్వే కాలనీలో నిద్రలెవరికి పట్టాయి? నేనే పట్టించుకున్నాను. నేను ఆ నియమం దాటి ఒకరింట అడుగు పెట్టానంటే, నన్ను తోడుకుపోయే పుట్టిల్లు ఇక లేదని నాకు నేనే ఒప్పుకున్నట్టు కదా. ఆ ఒక్క మాట ఒప్పుకోలేక ఇంట్లోనే కూర్చున్నాను.

నీ చీర వచ్చిన రోజు ఆ పార్సిల్ మీద నీ చేతిరాత చూసి నువ్వే వచ్చినంత సంబరపడ్డాను. ఆ వెనకే ఉత్తరం వస్తుందని చూశాను. ఈ నెల రమ్మంటాడు, వచ్చే నెల రమ్మంటాడు అనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో పడవలు, ఇంజన్లు, కానాగంతలు. వదిన లేదు, ఇక ఈ చెల్లెలెందుకులే అనుకుని ఒక చీరతో చెల్లు రాసేశాడు అనుకున్నాను. పైన తడిమి చీరేనని తెలుసుకున్నాను గానీ, ఆ పార్సిల్ ఇంతవరకూ విప్పలేదు.

ఎవరి ఇంటికీ పోలేను, నన్ను తోడుకుపోవడానికి కాకుండా ఉత్తచేతులతో నిన్ను నా ఇంటికి రప్పించలేను. మరి నా అన్నను నేను ఎక్కడ చూడాలి? దీదీ ఆ కొండల ఫోటోలు చూపించినప్పుడు నాకు మంచు కనపడలేదు. ఎవరి ఇల్లూ కాని చోటు ఒకటి ఉంది, అక్కడైతే అన్నను చూడొచ్చు అనిపించింది. పక్కపక్కనే నడవొచ్చు, ఒకే పొయ్యి దగ్గర కూర్చోవచ్చు, ఏ నియమమూ అడ్డం రాదు. అంతే అన్నా. నాకు కొండలంటే భయం. దీదీకి చెప్పొద్దు.

ఇప్పుడు పేరమ్మత్త తిట్టిందని నువ్వు హడావిడిగా పిలవద్దు. జాలిపడి పిలిచే పుట్టిల్లు నాకొద్దు. అనుకున్నట్టే ప్లాట్‌ఫారం మీద ఉంటాను. నడిచి వద్దాం, ఎవరి దారిన వాళ్ళం పోదాం.

రోజా


పాలెం,
28 అక్టోబరు 2024

రోజాకు,

నువ్వు ప్లాట్‌ఫారం మీదకు వచ్చావంటే నేను రైలు దిగను, చెప్తున్నా. ఇంట్లో ఉండు. నేనే దిగి, దారి అడుక్కుంటూ వచ్చి నీ తలుపు కొడతాను.

పార్సిల్ విప్పొద్దు. కావలి పోయి ఇంకో చీర కొన్నాను. రంగు పేరమ్మత్త చూసింది, కాబట్టి బాగుంటుంది. రక్సౌల్ టికెట్లు వాపసు ఇచ్చెయ్. మంగళవారం, శుక్రవారం కాకుండా చూసుకుని ఇక్కడ అడుగు పెట్టాలట. కాళ్ళకు నీళ్ళు తానిస్తానని పేరమ్మత్త అంది. తనది నీకు వదిన వరస కాదు, అత్త వరస, అయినా ఆచారం ఏమీ అలగదంట, అలిగితే తను చూసుకుంటానంది.

జాలి అంటున్నావు. ఎవరికి ఎవరి మీద? ఈ ఇంట్లో పొద్దున నేను మూసిన తలుపు సాయంత్రం నేనే తీస్తున్నాను. జాలిపడేంత ఇది నా దగ్గర మిగల్లేదు. నిన్ను చూడాలి, అంతే.

రానని నువ్వు ఎంత అరిచినా నాకు వినపడదు. చెవుడు ఎందుకన్నా పనికి రావాలి కదా.

అన్న


పాలెం,
17 నవంబరు 2024

రోజాకు,

ఈపాటికి క్షేమంగా చేరి ఉంటావు. చేరినట్టు ఒక కార్డు ముక్క రాసి పడెయ్.

మూడో నిద్ర అయ్యాక, తెల్లారకముందే, ఎవరికీ చెప్పకుండా, వెనక్కి తిరిగి చూడకుండా పోవాలని పేరమ్మత్త నీకు చెప్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. వీడికి వినపడదులే అనుకున్నారు మీరిద్దరూ. పెదాలు చూశాను. వినోద్ చేత ఆటో మాట్లాడించారనీ తెలుసు. అందుకే ఆ పొద్దు కునుకు తీయకూడదనుకున్నాను. కళ్ళు మూసినట్టు పడుకుని, నువ్వు గడప దాటేటప్పుడు ఒక్కసారి చూద్దామనుకున్నాను. పాడు నిద్ర, పట్టేసింది. లేచి చూస్తే నీ చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. చెవులున్నవాడైతే తలుపు చప్పుడుకన్నా మేలుకునేవాడు.

నీ తప్పు కాదు. నిద్రలకు వచ్చినవాళ్ళు పోయొస్తానని అనకూడదు. అట్లాంటి పని మీద మళ్ళీ రాకూడదు కాబట్టి. అదంతా నాకూ తెలుసు. తెలిసీ ఆ గడప మీద కూర్చుని చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చాను. కామాక్షయ్య వచ్చి, "చెల్లెలు పోయిందాన్నా?" అని అడిగాడు. పోయిందంటే ఆ మాట బాగలేదని, "బండెక్కింది" అన్నాను.

ఆ మూడు రోజులూ ఈ ఇంట్లో మాట వినపడింది. నువ్వు నా చెవిలో అరిచి అరిచి చెబుతుంటే మన ఇంటి సంగతులన్నీ పాలెమంతా విన్నారు. నువ్వప్పుడు చెప్పిన నీ పాత ఆపరేషన్ సంగతి ఇప్పుడు నన్ను అందరూ అడుగుతున్నారు. నువ్వు పులుసు పెట్టిన రోజు వినోద్ గిన్నె పట్టుకుని వచ్చాడు, చూశావు కదా. షెల్టర్ పోట్లాట ఆ పులుసుతో తీరిపోయింది. రెండోనాడు నువ్వు మీ వదిన అద్దం ముందు నిలబడి చాలాసేపు కదలలేదు. నేను పిలవలేదు. ఇద్దరం ఒకే మనిషి కోసం ఏడవడానికి మూడేళ్ళు పట్టింది మనకు.

నీకు ఇంక అడ్డం లేదు. ఆ పసిబిడ్డ ఇంటికి పోయి రా, ఇప్పటికి నడుస్తూ ఉంటుందేమో. మిత్రా దీదీ ఇంటికి పోయి టీ అడుగు.

నేను షెల్టర్ ఎక్కడం మానలేదు. ఇప్పుడు ఎవరూ భయపడడం లేదు. ఈ పొద్దు పైన కూర్చుంటే నాకు ఒక సంగతి తోచింది, అది రాద్దామనే ఈ కాగితం తీశాను. నువ్వు వచ్చావు, ఉన్నావు, పోయావు. కానీ ఆ రావడం చావు లెక్కలో రావడమే కదా. ఆ చీర చావుకు పెట్టే చీర. ఆ నిద్రలు చావుకు చేసే నిద్రలు. చెప్పకుండా పోవడమూ చావు పద్ధతే. చెల్లెల్ని చూడాలని ఉంది, రా అని ఊరికే నేనెప్పుడూ పిలవలేదు. అన్నను చూడాలని ఉందని ఊరికే నువ్వూ రాలేదు. బావ పోకముందు కూడా ఎవరి పెళ్ళికో, ఎవరి దినానికో వచ్చావు గానీ ఊరికే రాలేదు.

కొండలకు మార్చిలో పోదాం. అప్పుడు ఆ అడవంతా ఎర్రపూలు పూస్తాయని దీదీ చెప్పిందన్నావు కదా. నీకు కొండలంటే భయమైతే మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకో. టికెట్లు నువ్వే తియ్యి, బసలు నువ్వే చూడు, నేను వస్తాను.

దానికి ముందు ఒకసారి ఇక్కడికి రా. పనేమీ లేకుండా, ఎవరూ చెప్పకుండా రా. నాలుగు రోజులుండు, విసుగొస్తే రెండు రోజులకే పో. పోయేటప్పుడు మాత్రం నన్ను గట్టిగా కుదిపి లేపు. లేపి, నా చెవి దగ్గర నోరు పెట్టి, పాలెమంతా వినపడినా సరే, "పోయొస్తా అన్నా" అని అరిచి చెప్పి పో.

అన్న
హజరత్తయ్య